రాజకుమారి పెద్ద టైర్లు

రాజకుమారి జీపులో నా చోటు ఎడమవైపు వెనక చక్రం మీద. నేను కోరుకున్నది కాదు. తోటవలస బళ్ళో పంతులుగా చేరిన మొదటి శుక్రవారం అరకు సంతకి వెళ్దామని బయల్దేరితే, "మాస్టారూ, మీరు బరువైన మనిషి, అక్కడ కూకోండి" అని అందరి ముందూ చెప్పేసింది. అప్పట్నుంచీ అది నా చోటు. ముందు సీటు ఊరి పెద్ద ఫల్గుణది. నా ఎదురుగా చిన్నమ్మలు, ఆవిడ ఒళ్ళో కోళ్ళ గంప. కాళ్ళ కింద పసుపు బస్తాలు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్ళు. ఎవరి చోటు వాళ్ళదే. ఒకరి చోట్లో ఇంకొకరు కూర్చుంటే జీపు కదలదు. కదలనివ్వదు ఆవిడ.

నిజానికి ఆ జీపు ఆవిడ మొగుడు మంగ్లుది. ఘాట్‌లో పడి మంగ్లు కాలు విరిగింది. అతికింది గానీ, క్లచ్చి తొక్కే సత్తువ దానికి మళ్ళీ రాలేదు. జీపు అమ్మేద్దామని అందరూ అంటుంటే మంగ్లు తల్లి సోములమ్మ అడ్డం పడింది. "ఆడికి కాలు పోతే దీనికి రెండు కాళ్ళున్నాయి గదేటి" అని కోడల్ని చూపించింది. ఊరంతా నవ్వింది. ఆడమనిషి తోలే బండి ఎక్కమని మొహమ్మీదే చెప్పినవాళ్ళూ ఉన్నారు. సోములమ్మ ఎవరితోనూ వాదించలేదు. మొదటి శుక్రవారం ముందు సీట్లో ఎక్కి కూర్చుని, చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, వెనక ఖాళీ సీట్లతో సంతకి వెళ్ళి, పసుపు అమ్ముకుని, అంతే దర్జాగా తిరిగొచ్చింది. పై వారం ఫల్గుణ కూడా ఎక్కాడు. అప్పట్లో ఆయన కూర్చున్నది వెనకే. ముందు సీటు సోములమ్మది.

ఇబ్బందల్లా గెడ్డతోనే. మా ఊరి కింద రాళ్ళగెడ్డ, అంటే రాళ్ళతో నిండిన వాగు ఒకటుంది. జీపు దానికి అవతలే ఆగిపోతుంది. అక్కణ్ణించి ఊళ్ళోకి రాళ్ళ మీద ఎక్కుడే ఎక్కుడు. కుర్రకాళ్ళకి అదొక లెక్క కాదు. సోములమ్మ మోకాళ్ళు మాత్రం పోయాయి. వాచి, బిగుసుకుని, ఇంట్లోంచి అరుగు మీదికి రావడమే ఆవిడకి ఊరు దాటినంత పని. గెడ్డ దాకా డోలీలో మోసుకెళ్తాం రమ్మని కుర్రాళ్ళు ఎంత బతిమాలినా వినలేదు.

"మా ముసిలోడు ఆస్పత్రికి డోలీలో ఎల్లాడు, డోలీలోనే ఒచ్చాడు. కళ్ళు మూసుకుని ఒచ్చాడు. నాను ఎక్కను," అంది. ఆ మాట తర్వాత ఇంకెవరూ అడగలేదు.

మూడేళ్ళు ఆవిడ సంత మొహం చూడలేదు. శుక్రవారం పొద్దున్నే అరుగు అంచున కూర్చుని, కింద జీపు స్టార్టయిన చప్పుడు మొదలు ఆ మోత కొండ మలుపులో కలిసిపోయేదాకా వినేది. బుట్ట నిండా పసుపు కోడలికిచ్చి పంపేది. సాయంత్రం సంత కబుర్లు అడిగేది. అడిగినంతసేపు అడిగి, గోడ వైపు తిరిగి పడుకునేది.

"నన్నా సీటు మీద కూకోబెట్టిన మనిసి, దాని మోత ఇనుకుంటా కూకుంది మాస్టారూ. నాకు సంతలో ముద్ద దిగదు," అని ఒకసారి రాజకుమారి నాతో అంది. "జీపుని ఆ అరుగు కాడికే తెస్తాను. సూడండి."

తేవాలని చూసింది కూడా. ఎండాకాలంలో ఖాళీ జీపుతో గెడ్డలో దిగింది. వెనక ఇరుసు మధ్య గుండ్రటి డబ్బా ఉంటుందే, అది రాతికి కొట్టుకుని, జీపు తాబేలులా కూలబడింది. పదిమందిమి తోస్తే వెనక్కొచ్చింది. రాజకుమారి దిగి, నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, రాయికీ డబ్బాకీ మధ్య చెయ్యి పెట్టి చూసుకుంది. "ఇంకో అంగుళం, అంగుళంన్నర పైకుంటే సాలు," అంది. ఇంజను బలం సరిపోతుంది, నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, కావలసింది కాస్త ఎత్తే. జీపుకి ఎత్తు కావాలంటే పెద్ద టైర్లు వెయ్యాలి.

సీలేరు కాలనీలో మూలపడ్డ పాత బండి ఒకటుంటే, దాని టైర్లు పెద్దగా అరగలేదని తెలిసి వాటిని తెచ్చుకుంది. అరకులో వరహాలరావు షెడ్డు ముందు దించేసరికి ఆయన నడుం మీద చేతులేసుకుని చాలాసేపు చూశాడు. వరహాలరావుది శృంగవరపుకోట. కొండెక్కి షెడ్డు పెట్టినా యాస మాత్రం అక్కడిదే.

"ఏటి సెల్లెమ్మా ఇది? సిన్న గుంటడికి తాత సెప్పులేసినట్టుంటాది. బండి బరువెక్కీసినట్టు లాగుతాది. బ్రేకు ముందే తొక్కాల. తెలుసా?"

"తెలిసే తెచ్చినాను వరాలన్నయ్యా. ఎయ్యి," అంది.

వేశాడు. స్టీరింగు అటూ ఇటూ తిప్పించాడు, ఊరి బయట దాకా తోలి చూశాడు, ఎక్కడా రాసుకోలేదు. ఇద్దరూ మురిసిపోయారు.

ఆ శుక్రవారం మేమంతా మా మా చోట్లలో ఎక్కాం. మొదటి మలుపు తిరిగేసరికి నా కిందనించి ఎవరో గొంతు పిసికినట్టు మోత, వెంటనే రబ్బరు కమురు కంపు. చిన్నమ్మలు కోళ్ళు గంపలోంచి లేచాయి. నేనూ లేచాను. అందరం దిగి చూస్తే వెనక ఎడమ టైరు మడ్‌గార్డుని కరుచుకుని ఉంది. సరుకులు నెత్తిన పెట్టుకుని ఆ వేళ సంతకి నడిచే వెళ్ళాం. దారిలో జనం రాజకుమారికి దూరంగా నడిచారు. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం ఫల్గుణ తీర్పు చెప్పాడు. "పాత టైర్లు ఏయించీ గుంటా. కొండకి సెప్పకుండా బండి కాళ్ళు మార్చినావు. ఊరందరి సంత పాడుసేసి మీ అత్తని ఎక్కించుకుంటావేటి?"

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు గానీ ముక్కు ఎర్రబడింది. చాలాసేపు జీపు చుట్టూ తిరిగింది. చివరికి ఆగి, "మామా, వరాలన్నయ్య బండిని ఖాళీగా సూసినాడు. మన బండి ఎప్పుడన్నా ఖాళీగా ఎల్లిందా?" అంది.

ఫల్గుణ వంగి, టైరు కరుచుకున్న రేకుని వేలితో నొక్కి చూశాడు.

మా కొండ మీద ఒక ఇంటి పొలం దున్నాలంటే ఊరంతా పోతుంది. పిలిస్తే రాననడానికి లేదు. రాజకుమారి పై శుక్రవారానికి ఊరిని అలాగే పిలిచింది. దున్నడానికి కాదు, కూర్చోడానికి. ముందు కొండదేవతకి కోడిని కూడా ఇచ్చింది, ఫల్గుణకి ఆ అలకా మిగలకుండా.

జీపుని ఆవిడ ఖాళీగా షెడ్డుకి తోలుకొస్తే, నడిచి సంతకొచ్చిన వాళ్ళందరం బస్తాలతో, గంపలతో వరహాలరావు షెడ్డులోకి వెళ్ళి, కదలని జీపులో ఎవరి చోట్లో వాళ్ళం కూర్చున్నాం. వేలాడేవాళ్ళు వేలాడారు. బండి బరువు మోసే కమాన్ కట్టలు మూలుగుతూ కిందికి దిగాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు ఇది ఏ ఊరి పిచ్చో అని ఆగి చూశారు. వరహాలరావు కిందికి దూరి, సుద్దముక్కతో గీతలు గీస్తూ, స్టీరింగు తిప్పించి మళ్ళీ గీస్తూ, లోపల్నించి కేకేశాడు.

"ఎడంపక్క ఎనకాల ఎవులు కూకున్నారు?"

"మాస్టారు," అన్నారు అందరూ, ఒకే గొంతుతో.

"అదీ సంగతి! బాబూ, ఓపాలి దిగి మళ్ళీ ఎక్కండి."

దిగాను, ఎక్కాను. షెడ్డంతా నవ్వు. ఊరికి నా శరీరం వల్ల జరిగిన మేలు అదొక్కటే కాబట్టి నేనూ నవ్వాను. వరహాలరావు గీతల ప్రకారం మడ్‌గార్డు అంచులు కోసి, కమాన్‌లో ఇంకో కట్ట వేశాడు. మళ్ళీ అందరం ఎక్కాం. ఈసారి టైరుకీ రేకుకీ మధ్య ఆయన అరచెయ్యి సులువుగా దూరింది.

ఆ పై శుక్రవారం తెల్లారగానే జీపు గెడ్డలో దిగింది. ఊరంతా గట్టు మీద నిలబడ్డాం. ముందు చక్రాలు రాయిని పట్టుకున్నాయి, ఎక్కాయి. వెనక చక్రాలు జారాయి, మళ్ళీ పట్టుకున్నాయి. డబ్బా రాతిని రాయకుండా దాటిపోయింది. మంగ్లు కర్రతో నేలని కొడుతూ అరిచాడు. జీపు వీధిలోకి వచ్చి, అరుగు ముందు ఆగింది.

సోములమ్మ కొత్త చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. కోడలు పట్టుకుంటే అరుగు దిగింది. జీపు పక్కకి వచ్చి కాలెత్తింది. కాలు మెట్టుని అందుకోలేదు. మళ్ళీ ఎత్తింది. మోకాలు వంగలేదు. పెద్ద టైర్లతో జీపుతో పాటు మెట్టు కూడా పైకి పోయిందని మాలో ఒక్కరికీ తట్టలేదు. అందరి మొహాలూ వాడిపోయాయి. కుర్రాళ్ళు ఎత్తి కూర్చోబెట్టబోతే ఆవిడ చేతులు విదిలించుకుంది.

"ఎత్తితే అదీ డోలీయే," అని తిరిగి అరుగెక్కి కూలబడింది.

రాజకుమారి ఒక్క క్షణం ఆవిడకేసి చూసింది. తర్వాత ఆ అరుగుకేసి. గబుక్కున జీపెక్కి, ముందుకి పోనిచ్చి, మంగ్లు "ఎనక్కి, ఇంకా ఎనక్కి" అంటుంటే, సీటు పక్క అరుగుకి ఆనుకునేలా తెచ్చి నిలబెట్టింది. మట్టి పెచ్చు ఒకటి ఊడింది. అరుగూ సీటూ ఒకే ఎత్తున కలిసిపోయాయి.

ముందు సీట్లో ఎప్పుడూ కూర్చునే ఫల్గుణ వెనక్కి వెళ్ళి కమ్మీ పట్టుకున్నాడు.

సోములమ్మ ఎవర్నీ చెయ్యి అడగలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే, ఇన్నాళ్ళూ మోత విన్న చోటునించి, సీట్లోకి జరిగింది. పసుపు బుట్ట ఒళ్ళో పెట్టుకుంది. రాజకుమారి స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చేసింది.

"ఏడుపేటే గుంటా," అంది సోములమ్మ అడ్డపొగ వెలిగించుకుంటూ. "బేగి పోనియ్యి. సంతలో దిగేది లేదు, ఈ సీట్లోంచే అమ్ముతాను. కావాల్సినోళ్ళు ఆళ్ళే తలెత్తి అడుగుతారు."