నేను కలిపిన మూడు సెకన్లు

నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నది మూడు సెకన్లు. అంతే. వింటే నవ్వొస్తుందేమో. నవ్వండి, తప్పులేదు, నవ్వాక చివరిదాకా వినండి.

మా చర్చిలో ప్రతి ఆదివారం పాపపు ఒప్పుకోలు అందరం కలిసి చదువుతాం. ఒకే గొంతు, ఒకే వేగం. ఆ గొంతులో ఎవరి పాపం ఏదో ఎవరికీ తెలియదు. అందులో ఎంత సుఖం ఉందో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని, తలవంచి, నా మూడు సెకన్లను ఆ మూకుమ్మడి గొంతులో దాచేసి, ఇంటికొచ్చి చారు పెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఒంటరిగా చెబుతున్నాను. అదీ నోటితో కాదు, కాగితం మీద.

తొంభైల్లో మా పక్క మూడూర్ల పందెం అని ఒకటి ఉండేది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఏడాదికి మూడు పందేలు, ఊరికొకటి. మెకానిక్కులు పాత ఇనుప సామాన్ల అంగళ్ళలో ఏరుకొచ్చిన పైపులు అతికించి చట్రం చేసి, దెబ్బతిన్న కార్ల ఇంజన్లు బిగించి, వాళ్ళే నడిపేవాళ్ళు. ఒక్క మనిషి పట్టే సీటు. పైన మూత లేదు, పక్కన తలుపు లేదు, నాలుగు చక్రాలూ చట్రానికి బయటే. జనం వాటిని ఎముకల బండ్లు అనేవాళ్ళు. పందెం ఎక్కడనుకున్నారు? ఎండిపోయిన చెరువుల్లో. కరువు సంవత్సరాలు కదా, చెరువు అడుగు నెర్రెలిచ్చి, ఆపైన దుమ్ము కప్పుకుని, కనుచూపు మేర బల్లపరుపుగా ఉండేది. మేకలు తోలుకునే ముసలాయన ఒకడు మమ్మల్ని చూసి, "మీ బండ్ల కోసరమే దేవుడు వాన ఆపినాడు, మీ దుంప తెగ" అని తిట్టేవాడు. నిజమేనేమో అని నాకు భయమేసేది. ఊరంతా వానకోసం ప్రార్థిస్తుంటే, ఆ బండ్లు నడిపే పదకొండు మంది మాత్రం ఇంకో ఏడాది రాకుంటే బాగుండునని లోలోపల అనుకునేవాళ్ళు. వాళ్ళతో పాటు నేనూ.

నేను మదనపల్లెలో నర్సును. ఆ పందేలతో నాకేం పని? రత్నప్ప. పుంగనూరులో లేతు మిషను పెట్టుకున్న మనిషి, మా చర్చి సంఘస్థుడే. సైలెన్సరు అంటుకుని చెయ్యి కాలి మా వార్డుకు వచ్చాడు. కట్టు కడుతుంటే ఆయన చూపు గాయం మీద లేదు, నా గడియారం మీద ఉంది. నర్సుల గడియారం తెలుసు కదా, జేబుకు తలకిందులుగా వేలాడుతుంది, నాడి చూసేందుకు సెకన్ల ముల్లు పెద్దగా ఉంటుంది. పందేలకు టైము చూసే మనిషి లేక గొడవలవుతున్నాయట. ఒకడు చెప్పింది ఇంకొకడు నమ్మడట. నర్సమ్మ అబద్ధం రాయదు, చార్టులో తప్పు రాస్తే ప్రాణం పోతుందని ఆమెకు తెలుసు, కాబట్టి నువ్వు రా అన్నాడు. వెళ్ళాను.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ కలలోవిగానే ఉంటాయి. చెరువు కట్ట మీద గొడుగు కింద కూర్చునేదాన్ని. బండి నా ముందునుంచి దూసుకుపోయి, అవతలి ఒడ్డు దగ్గర దుమ్ములో కలిసిపోయేది. తర్వాత కాసేపు ఏమీ ఉండదు. చప్పుడు కూడా సన్నబడి ఆగిపోతుంది. ఎండమావులు నీళ్ళలా కదులుతుంటాయి. ఆ నీళ్ళలోంచి ఒక చుక్క పుట్టి, పెద్దదై, చక్రాలు మొలిచి, మనిషై నా వైపుకు వచ్చేది. ప్రతిసారీ అదే మనిషి మళ్ళీ పుట్టి వచ్చినట్టుండేది నాకు. నా ఛాతీ మీద గడియారం, దాని కింద గుండె, రెంటిలో ఏది కొట్టుకుంటోందో తెలిసేది కాదు. ముప్పయ్యొక్కేళ్ళ ఆడదాన్ని, రెండు సంబంధాలు వచ్చి పోయినదాన్ని, ఇలాంటి మాట బయటికి చెబితే బాగుంటుందా? చెప్పలేదు. ఆయనకు నేను సిస్టరమ్మను.

అలా కొన్నేళ్ళు నడిచిందిగానీ పందేల ఆరోగ్యం బాగాలేదు. టైర్లు దొరకవు. మంచి బాట లేదు. ఇద్దరు అప్పటికే విసిగి మానుకుంటామంటున్నారు. అప్పుడే బెంగళూరు నుంచి ఒక టైర్ల కంపెనీ మనిషి వస్తున్నాడని కబురు. కుప్పం పందేనికి వస్తాడు, ఒక్కో బండినీ ఒంటరిగా ఒక చుట్టు తిప్పి చూస్తాడు. కనీసం మూడు బండ్లు ఒకటిన్నర నిమిషం లోపు వస్తే, ఈ పందేలకు భవిష్యత్తు ఉన్నట్టు. కంపెనీ దన్నుగా నిలబడుతుంది, సరైన బాట వేయిస్తుంది. అందరికన్నా వేగంగా వచ్చినవాణ్ణి చెన్నైకి తీసుకుపోయి అసలైన పోటీ బండి ఎక్కిస్తుంది.

ముందురోజు శనివారం, రత్నప్ప ఒక్కడే కుప్పం చెరువులో బండి తిప్పి చూసుకున్నాడు. మిగిలినవాళ్ళు ఇంకా రాలేదు. నేను టైము చూశాను. ఒక నిమిషం ఇరవై ఎనిమిది సెకన్లు. కాగితం లేక అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను, వార్డులో అలవాటే. చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. సాయంత్రం కార్బరేటర్ విప్పి జెట్టు మార్చాడు. పెట్రోలు ఎంత పోవాలో అంతే పోనిచ్చే గింజంత ఇత్తడి ముక్క అది. మారుస్తూ చెన్నై గురించి చెప్పుకుంటూ పోయాడు. పోతే రెండేళ్ళు ఈ పక్కకు రాడట. ఆ తర్వాత ఎక్కడికి తీసుకుపోతే అక్కడికట. నేను స్పానర్లు అందిస్తూ ఒక్క మాటకోసం ఎదురుచూశాను. ఆ మాట రాలేదు. ఎలా వస్తుంది? నేను ఏనాడైనా అడిగానా, తెలియనిచ్చానా?

మర్నాడు మొదటి బండి ఆయనదే. జెండా ఊపారు. వెళ్ళాడు, దుమ్ములో కలిశాడు, ఎండమావిలోంచి పుట్టి వచ్చాడు. ముల్లు చూశాను. ఇరవై ఎనిమిది. మారిన జెట్టు మంచీ చేయలేదు, చెడ్డా చేయలేదు. నా అరచేతిలో శనివారం రాసిన అంకె ఇంకా పూర్తిగా చెరగలేదు. ఆ చేతిని మూసేసుకుని రెండో చేత్తో రాశాను.

ఆయన హెల్మెట్ తీసి, కనురెప్పల మీద కూడా దుమ్ముతో, కట్ట ఎక్కి పరిగెత్తుకొచ్చాడు.

"సిస్టరమ్మా, ఎంతొచ్చె?"

"ఒకటీ ముప్పై ఒకటి."

"సరిగ్గా సూసినావా?"

"నా గడియారం ఎప్పుడన్నా తప్పు చెప్పిందాప్పా?"

ఆయన నా గడియారాన్ని కాదు, నన్ను చూశాడు. ఒక్క క్షణం. 

"లేదులే. తప్పు నాదే. ఊరికే ఉండలేక జెట్టు మార్చింది నేనే గదా, నా సేతులిరిగిపోను. మూడు సెకన్లు యాడ పోయినాయో ఎతకల్ల."

ఇంకా పదిమంది ఉన్నారు. ఆయనకొక్కడికే కలిపితే పట్టుబడతాను. అందుకని అందరికీ మూడేసి కలిపాను. అన్యాయంలో కూడా పక్షపాతం చూపలేదు నేను, ఏం మనిషినో చూడండి. నిజానికి రత్నప్పతో కలిపి నలుగురు ఒకటిన్నర నిమిషం లోపే వచ్చారు, అందరికన్నా వేగం ఆయనదే. నా కాగితం మీద ఒక్కడూ రాలేదు. మిగిలినవాళ్ళు ఎదురుగాలి అన్నారు, ఇసుక అన్నారు. కంపెనీ మనిషి షామియానా నీడలో కూర్చుని మజ్జిగ తాగుతూ నా కాగితం చదివాడు. అవతలి ఒడ్డు ఆయనకు కనపడనే లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అందరికీ నమస్కారం చేసి కారెక్కాడు. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది, ఇక్కడి పందేలకు భవిష్యత్తు లేదని. అది కూడా నాకే ఇచ్చి చదివించారు, ఇంగ్లీషు చదవగలిగేది నేనే కదా. తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఒక్క ముక్క వదలకుండా చదివాను.

మరుసటేడు ఆరు బండ్లు వచ్చాయి. ఆ పైయేడు మూడు. తర్వాత లేదు. కుప్పం నుంచి వచ్చే మనిషి ఒకడు చట్రం కోసేసి టమాటా బండికి పైపులు చేయించుకున్నాడని విన్నాను.

ఎందుకు చేశాను? చాలాకాలం నాకు నేను ఒక జవాబు చెప్పుకున్నాను. వార్డులో విరిగిన ఎముకలు రోజూ చూసేదాన్ని, ఆయన ప్రాణం కాపాడదామని చేశాను, అని. వినడానికి బాగుంటుంది. కానీ మరి ముందటి ఏళ్ళన్నీ గొడుగు కింద కూర్చుని ఆయన ఇంకా వేగంగా రావాలని ఎందుకు కోరుకున్నాను? అప్పుడు లేవా ఎముకలు? కాదు. ఆయన వెళ్ళిపోతాడని చేశాను. అసలు మాట అదే.

మరి ఆయన వెళ్ళలేదు. ఏడాది గడవక ముందే పుంగనూరు నుంచి బస్సెక్కి వచ్చి, ఆసుపత్రి గేటు దగ్గర చెప్పులకేసి చూస్తూ నన్ను చేసుకుంటానన్నాడు. పెళ్ళిలో పాస్టరుగారు, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాలి అని సంఘాన్ని అడిగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి ఆ రోజు పెట్టుకోని గడియారం కోసం ఛాతీ మీదికి పోయింది. నాకుంది అభ్యంతరం. చెప్పలేదు. నా కాపురం ఆ మూడు సెకన్ల మీద కట్టుకున్నది. మంచి కాపురం కూడా, అబద్ధమెందుకు. ఆయన చెయ్యి నామీద ఎత్తలేదు, మాట తూలలేదు. ఒక్కటే. ప్రతి ఆదివారం చర్చినుంచి వచ్చి, అన్నం తిని, షెడ్డులోకి పోయి ఇంజన్ విప్పేవాడు.

ఎనిమిదేళ్ళు. లేని మూడు సెకన్లకోసం ఎనిమిదేళ్ళు వెతికాడండీ. పిస్టను మార్చాడు, చట్రం తేలిక చేశాడు, జెట్లు తానే లేతు మీద చేసుకుని డబ్బాలో వరసగా పెట్టుకున్నాడు. టీవీలో దూరదేశాల పందేలు వస్తే చూస్తూ చూస్తూ మధ్యలో లేచి వెళ్ళి ఏదో బిగించేవాడు. నేను కాఫీ తీసుకెళ్ళి వాకిట్లో నిలబడేదాన్ని. ఇప్పుడు చెబుదాం అనుకునేదాన్ని. కాఫీ ఇచ్చి వచ్చేసేదాన్ని. ఒక కల మాత్రం మానకుండా వచ్చేది. కుప్పం చెరువు నిండి ఉంటుంది. నీళ్ళ అడుగున పదకొండు ఎముకల బండ్లు చప్పుడు లేకుండా తిరుగుతుంటాయి. నేను కట్ట మీద గొడుగు పట్టుకుని ఉంటాను, గడియారానికి ముళ్ళుండవు.

రెండు వేలు దాటాక మళ్ళీ పెద్ద కరువు వచ్చింది. చెరువులన్నీ అడుగు కనిపించాయి. ఒకరోజు పొద్దున ఆయన షెడ్డులోంచి వచ్చి, గడియారం తెచ్చుకో అన్నాడు. బండిని ఒక మినీలారీలో ఎక్కించుకుని కుప్పం పోయాం. అదే చెరువు. అదే కట్ట. అప్పటికి ఆయన తల సగం నెరిసింది, సీటులో దూరడానికి ఆయాసపడ్డాడు. వెళ్ళాడు. దుమ్ములో కలిశాడు. ఆ నిశ్శబ్దంలో నేను, ప్రభువా, ఈసారి ఏది చూస్తే అదే చెబుతాను, అనుకున్నాను. ఎండమావిలోంచి చుక్క పుట్టింది, మనిషైంది.

ఇరవై ఎనిమిది.

అన్నేళ్ళ పని తర్వాత ఆ బండి సరిగ్గా ఆ రోజు వచ్చినంతే వచ్చింది. ఏం సరిచేశాడో, వయసు ఏం తినేసిందో, లెక్క అక్కడికే చేరింది. పోయినవాటిని వెతుకుతున్నాననుకున్నాడు, అవి పోనేలేదు. చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన నేల మీద కూలబడి, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"దొరికె మే, దొరికె. జెట్టులోనే ఉండె. నేను సెప్పలే?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ ఆ ముఖం! నిజం చెబితే ఆ ఎనిమిదేళ్ళూ, ఆ దొరకడమూ రెండూ ఒక్కసారే లాక్కున్నట్టు కాదా? జాలి అనుకోనా? పిరికితనం అనుకోనా? మొదటిసారి నాకోసం అబద్ధం చెప్పాను. రెండోసారి మౌనంగా ఉన్నది ఆయన కోసమా, మళ్ళీ నాకోసమేనా? ఇప్పటికీ తేల్చుకోలేదు. నీళ్ళ సీసా అందించాను.

ఆ ఆదివారం చర్చిలో ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. పోయినాయనుకున్న మూడు సెకన్లు దేవుడు తనకు తిరిగిచ్చాడన్నాడు. సంఘమంతా స్తోత్రం అంది. నేనూ అన్నాను. ఆ తర్వాత ఒప్పుకోలు మొదలైంది. అందరి పెదవులూ కదిలాయి. మొదటిసారి నావి కదల్లేదు. ఆ గొంతులో నా పాపం దాగలేదు ఆ రోజు, బయటే నిలబడి ఉండిపోయింది.

తర్వాత వానలు పడ్డాయి. ఊళ్ళో అందరూ కట్ట మీదికి వెళ్ళి నిండిన చెరువును చూసి చేతులెత్తి దణ్ణం పెట్టారు. మా బాట ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. ఎవరూ తిరిగి కొలవలేరు. ఆయన షెడ్డులో ఆ ఇత్తడి జెట్టును మేకుకు తగిలించుకున్నాడు, వచ్చినవాళ్ళకు చూపిస్తాడు. ఇప్పుడు కూడా అక్కడే ఉన్నాడు, ఎవరిదో బోరు మోటారు బాగుచేస్తూ ఏదో కీర్తన కూనిరాగం తీస్తున్నాడు. ఆయన ఈ కాగితం చదవడు. చదవాలని ఉందో, వద్దని ఉందో నాకే తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఆ రోజు రాయాల్సిన కాగితం ఒకటి మిగిలిపోయింది, అది రాసి లేస్తాను. మిగిలిన పదిమందివీ మూడేసి తగ్గించుకుని చదువుకోండి.

కుప్పం చెరువు. మొదటి బండి. రత్నప్ప. ఒక నిమిషం ఇరవై ఎనిమిది సెకన్లు.