మెట్ల దగ్గరి పేరంటాలు

ఇంగ్లండులోని కోవెంట్రీ తెలుగువాళ్లలో నిర్మలాదేవి ఆంటీని ఎరగనివాళ్లు లేరు. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆస్పత్రి రిసెప్షన్‌లో రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, 2013లో ఒక పాత మ్యూజియం ఇంట్లో గైడుగా చేరింది. దెయ్యాల కొంపకు కాపలా కాస్తోందని భర్త పద్మనాభం ఏడిపించేవాడు.

ఆ ఇల్లు ఊళ్లో మరే ఇంటినీ పోలదు. వెనకటికి ఒక వైన్ వ్యాపారి లిస్బన్ పిల్లను పెళ్లాడి తెచ్చుకుని, ఆమెకు పుట్టింటి బెంగ తీరాలని, అక్కడి పాతకాలపు వర్తకుల ఇళ్ల తీరులో కట్టించాడట. కింద కొట్టుకోసం మూడు రాతి కమానులు, పైన హాలుకు రంగులద్దిన చెక్క కప్పు. మందపాటి గోడలో కిటికీ. ఆ కిటికీలోనే ఎదురెదురుగా రెండు రాతి అరుగులు, ఇద్దరు కూర్చుని వీధి చూస్తూ ముచ్చట్లాడుకోవడానికి. మెట్ల మొదట్లో నీలం, తెలుపు పలకలతో మనిషెత్తు ఆడమనిషి బొమ్మ. ఒక చేత్తో గౌను అంచు పట్టుకుని, రెండో చెయ్యి లోపలికి చూపిస్తూ రమ్మంటున్నట్టే ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్లను పిలవడానికి అలాంటి బొమ్మ పెట్టుకోవడం అక్కడి అలవాటు.

ఆ బొమ్మంటే నిర్మలాదేవికి ఎంత ఇష్టమో! పొద్దున తలుపు తీస్తూనే పలకరించేది.

కూతురు అనన్యకు అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి తొమ్మిదో నెల వచ్చింది. సీమంతం చెయ్యాలంటే తల్లికి భయం, మానేస్తే ప్రాణం ఊరుకోదు. ఎలాగో అయిదుగురు ముత్తయిదువలను కుదుర్చుకుంటే, ఒకావిడకు షిఫ్టుల రోటా మారి ఆ రోజే డ్యూటీ పడింది. ఆ చిరాకులోనే పనికొచ్చి, ఏమనుకుందో ఏమో, సంచిలోంచి కుంకుమ భరిణె తీసి బొమ్మ నుదుట బొట్టు పెట్టింది.

"ఆదివారం మా అమ్మాయి సీమంతమండీ. మీరు తప్పకుండా రావాలి."

ఆదివారం అయిదో కుర్చీ ముందు కూడా తాంబూలం పెట్టింది. ఆగస్టు ఎండలో ఆ కుర్చీ పక్కనున్నావిడ చలిగా ఉందని కొంగు కప్పుకుంది. హారతి అయ్యేసరికి తాంబూలం కనబడలేదు. ఎవరో తీసుకెళ్లుంటారులే అని నిర్మలాదేవి సరిపెట్టుకుంది.

మర్నాడు టూరిస్టుల ముందు రోజూ చెప్పే కథే చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఈ బొమ్మ ఆ వ్యాపారి భార్యదే, పాపం ఈ ఇంట్లోనే తొలి కాన్పుకు పురిట్లో పోయింది అని ఎన్నిసార్లు చెప్పిందో! చెప్పీచెప్పీ నోటికి అలవాటైందే కానీ, పిలిచేటప్పుడు బుర్రకు తట్టలేదు. పురిట్లో పోయిన మనిషిని కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి తనే పిలుచుకుంది.

సాయంత్రం ఇంటికెళితే అనన్య అద్దం ముందు నుదురు రుద్దుకుంటోంది.

"మమ్, దిస్ వోంట్ కమ్ ఆఫ్."

నీలం బొట్టు. ఆ పలకల నీలమే. పేరంటానికి వచ్చిన మనిషి తిరిగి బొట్టు పెట్టి పిలిచి వెళ్లిందని తల్లికి అర్థమైంది. కూతురికి ఏం చెప్పను, ఎలా చెప్పను అని లోలోపల కుమిలిపోయింది.

రెండ్రోజులకు అనన్యకు నొప్పులు మొదలై రక్తం పడింది. అందరూ ఆస్పత్రికి పరిగెత్తారు. నిర్మలాదేవి మాత్రం తాళాలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. ఆ రోజు మ్యూజియానికి సెలవు. బొమ్మ ముందు నిలబడి చేతులు జోడించింది.

"మా అమ్మాయికి కుదరదండీ. మా ఇంటి తరఫున నేనొచ్చాను."

పైకెళ్లి కిటికీ అరుగు మీద కూర్చుంది. కాసేపటికి ఎదుటి అరుగు మీద ఎవరో గౌను సర్దుకుని కూర్చున్న చప్పుడైంది. తలెత్తి చూసే ధైర్యం లేకపోయింది.

ఎండ వాలుతుండగా పద్మనాభం ఫోన్ చేశాడు. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. నర్సు తడిబట్టతో తుడిస్తే నుదుటి మచ్చ ఇట్టే పోయిందట. నిర్మలాదేవి భోరుమని ఏడ్చింది. మనవరాలిని ఎప్పుడెప్పుడు ఎత్తుకుంటానా అని గబగబా మెట్లు దిగింది.

గోడ మీద బొమ్మ ఉండాల్సిన చోట ఉత్త తెల్ల పలకలే ఉన్నాయి.

ఈసారి పేరంటానికి వచ్చింది తను; వచ్చినావిడ ఆ ఇంటావిడ చేత బొట్టు పెట్టించుకోకుండా గడప దాటదు. నిర్మలాదేవి చేతిలో తాళాలు కిందపెట్టి, మెల్లగా మెట్లెక్కి, ఆ అరుగు మీదే మళ్లీ కూర్చుంది.