కాక్‌టెయిల్ అంటే మందు కాదు

కువైట్‌లో మందు అమ్మరు. దొంగచాటుగా కాచేవాళ్ళూ, తాగి పట్టుబడి విమానం ఎక్కేవాళ్ళూ ఉన్నారు గానీ అది వేరే కథ. బోర్డు పెట్టి, రంగు లైట్లు వేసి, రోడ్డు మీదే దర్జాగా అమ్మే కాక్‌టెయిల్ మాత్రం అచ్చంగా పళ్ళరసం. ఈ ముక్క నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. నగరానికి దూరంగా మహబూలా అనే పేటలో దిగిన కొత్తలో మా వీధి మొదట్లో ఆ బోర్డు చూసి గుండె జారిపోయింది. మా అమలాపురంలో కాక్‌టెయిల్ అంటే డబ్బున్నవాళ్ళు పార్టీల్లో తాగేది. ఇక్కడ తాగితే జైలన్నారు, మరి పోలీసు జీపు ఆ కొట్టు ముందే ఆగి గ్లాసులు అందుకుంటోందేమిటి? ఎందుకొచ్చిన గొడవని కొన్నాళ్ళు రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడిచాను.

నన్ను చెయ్యి పట్టుకుని ఆ కొట్లోకి లాక్కెళ్ళింది మా గదిలో కింది మంచం ఆయన. జగిత్యాల దగ్గరి పల్లె. టైల్స్ మేస్త్రి. నాకంటే పదేళ్ళు పెద్ద, అందుకని అన్నా అనేవాణ్ణి. నన్ను తమ్మీ అనేవాడు, నా 'అండీ'లకు మాత్రం పడీ పడీ నవ్వేవాడు.

"ఏందీ, పండ్లరసానికి గూడ బుగులేనా తమ్మీ? తాగు, ఏం గాదు" అన్నాడు. అడుగున ఆకుపచ్చగా అవకాడో, మధ్యలో ఎర్రగా స్ట్రాబెర్రీ, పైన మామిడి, ఆ పైన మీగడ, తేనె, జీడిపప్పు. నేను చెంచా పెట్టి గిరగిరా కలిపేస్తే ఆయన తల పట్టుకున్నాడు. ఆయన పైనుంచి ఒక్కో పొరే తింటూ కిందికి వచ్చేవాడు. మామిడి దాటేసరికి అరగంట పట్టేది. గురువారం సాయంత్రం డ్యూటీ దిగగానే ఇద్దరం అక్కడే కూర్చునేవాళ్ళం.

అప్పట్లో నేను తెలుగులో ఒక బ్లాగు రాసేవాణ్ణి. ఫోన్లకు ఇంకా ఇంత తెలివి రాని రోజులు. పగలంతా నగరంలో షర్క్ అనే పేటలో ఒక ఆఫీసులో ఎవరివో ఇఖామా కాగితాలు, అంటే ఇక్కడ ఉండడానికి అనుమతి కాగితాలు టైపు చేసి, బస్సులో సముద్రం పక్కనుంచి గదికొస్తూ, చూసినవన్నీ మనసులోనే రాసేసుకునేవాణ్ణి. చేపల మార్కెట్లో బేరమాడలేక నోరు వెళ్ళబెట్టిన కొత్త కుర్రాళ్ళు, బస్సులో నిలబడే నిద్రపోయే సెక్యూరిటీ గార్డులు, ఎండకు సలసలా కాగి వచ్చే కుళాయి నీళ్ళు. ఇంత పెద్ద నగరంలో నేనెవరికీ పట్టను. కానీ రాసింది ముక్కూమొహం తెలియనివాళ్ళు చదివి నాలుగు మాటలంటే, నేనూ ఒక మనిషినే అనిపించేది. శీర్షిక 'కాక్‌టెయిల్ కబుర్లు' అని పెట్టాను. ఎడారిలో మందు పార్టీలా మాస్టారూ అని కామెంట్లు పెట్టేవాళ్ళు. నవ్వుకునేవాణ్ణి.

అన్నకు ఆ నవ్వు దక్కలేదు. ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన బాగా తాగేవాడు. కల్లుతో మొదలై సీసాల దాకా వెళ్ళింది. ఇక్కడికొచ్చాక మానేశాడు. దొరక్క కాదు, దొరికే చోటు మాకందరికీ తెలుసు. పక్క ఫ్లాటు వాళ్ళు పిలిచినా వెళ్ళేవాడు కాదు. "తాగుడు ఖలాస్ తమ్మీ. మా ఇంటామె నమ్మాలె, గంతే" అనేవాడు. ఆ ఒక్క మాట కోసమే ఆయన అన్నీ మానుకున్నాడని నాకు తెలుసు.

అటువంటివాడు ఒకరోజు సంబరంగా ఇంటికి ఫోన్ చేసి, "ఇయ్యాల మేమిద్దరం కాక్‌టెయిల్ తాగినం" అన్నాడు. అవతల ఏడుపు. పక్కనే ఉన్న నాకు కూడా వినపడింది. ఆయన పళ్ళరసమే అని మొత్తుకున్నాడు, ఆవిడ నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆవిడ కారణం ఆవిడకుంది. ఊళ్ళో ఆయన కూల్‌డ్రింకు సీసాలో సారా పోసుకుని, పిల్ల ముందే కూర్చుని, కూల్‌డ్రింకే అంటూ తాగినవాడు.

నాకు ఉక్రోషం వచ్చింది. మర్నాడే ఒక పోస్టు రాశాను. కువైట్‌లో కాక్‌టెయిల్ అంటే ఏమిటి, ఏ పొరలో ఏ పండు, ఆ కొట్లో చంటిపిల్లలతో వచ్చే తల్లులెంతమంది, అంతా వివరంగా. పెద్ద గ్లాసు ముందు అన్న కూర్చున్న ఫోటో కూడా పెట్టాను. ఫోటో కోసమని ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుళాయి దగ్గర రెండుసార్లు మొహం కడుక్కున్నాడు పాపం. వాళ్ళమ్మాయి కాలేజీలో చదువుతోంది. నెట్ సెంటర్లో వాళ్ళమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించింది. నేను రాసినవాటిలో ఒకరి సంసారానికి పనికొస్తుందని ఆశపడి రాసింది అదొక్కటే. అమెరికా నుంచి కూడా మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం, "ఫోటోల మంచిగనే ఉన్నది. లోపల ఏం కలిపిండ్రో ఎవలకెరుక" అందట.

"మాటలతోని గాదు తమ్మీ" అన్నాడు అన్న ఆ వారం, మామిడి పొర దగ్గరే ఆగిపోయి. "లీవు మీద పోయినంక నోరు వాసన సూపిస్త. గప్పుడు నమ్ముతది."

ఆయన్ను పనికి తెప్పించుకున్న యజమాని, కఫీల్, లీవు ఇస్తానన్నాడు. ఊరికి తీసుకెళ్ళడానికని అన్న ఖర్జూరాలూ, ఆవిడకొక గడియారమూ కొని మంచం కింద పెట్టుకున్నాడు. నాకు పొద్దున లేవగానే ఆ సంచీ కనిపించేది.

లీవు రాలేదు. షర్క్‌లో కడుతున్న ఒక బిల్డింగులో మధ్యాహ్నం అన్నం తిని, చల్లగా ఉందని తనే పరిచిన టైల్స్ మీద పడుకుని అన్న మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. మా ఆఫీసుకు నాలుగు సందుల అవతలే. ఆ టైములో నేను ఏసీలో కూర్చుని టీ తాగుతున్నాను. ఆయన్ను ఊరికి పంపే కాగితాలన్నీ నేనే టైపు చేశాను. ఎవరెవరివో అన్నేళ్ళుగా టైపు చేసిన వేళ్ళు ఆయన పేరు దగ్గర ఆడలేదు.

అన్న శవం ఉన్న పెట్టె ఊరు చేరిన రెండో రోజు ఆవిడ ఫోన్ చేసింది. అంతకుముందు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"తమ్మీ, పెట్టె తెరిసినంక నేను మొఖం దగ్గరికి వంగిన. మందు వాసనొచ్చింది. అందరికి వచ్చింది. తాగే సచ్చిండని ఊరంత అంటున్నరు. నువ్వు పక్కనున్నోనివి, నిజం జెప్పు."

తాగేదానికీ, ఆసుపత్రిలో ఎక్కించేదానికీ మన భాషలో మందు అని ఒకటే మాట ఎందుకు పెట్టారో! చూపిస్తానన్న నోరు చూపించడానికే వెళ్ళాడు మహానుభావుడు, అక్కడ కూడా ఆయనకు న్యాయం జరగలేదు.

"అది తాగే మందు కాదండీ వదినగారూ. ఇంతదూరం రావాలి కదండీ, శరీరం పాడవకుండా ఆసుపత్రిలో ఎక్కించే మందండీ. ఎవరికైనా అదే ఎక్కిస్తారు. అన్న ఇక్కడ చుక్క ముట్టలేదు. నా కళ్ళమీద ఒట్టు" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

ఆవిడ, "గా కాక్‌టెయిల్ ఎట్ల జేస్తరు? కింద ఏమేస్తరు, మీద ఏమేస్తరు?" అని అడిగింది.

ఎందుకో తెలియకపోయినా చెప్పాను. అవకాడో ఆ ఊళ్ళో దొరకదు, అరటిపండు వేసుకోమన్నాను. స్ట్రాబెర్రీ బదులు దానిమ్మ. పైన మామిడి. కలపకూడదు, పొరలు పొరలుగా ఉండాలి, ఆయనకు అలాగే ఇష్టం అన్నాను.

వారం తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. వాళ్ళ వైపు మూడో రోజున పిట్టకు పెడతారట. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తారు, ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయిందని ఒక్కో మాట ఇస్తారు. అందులో సీసా కూడా ఉంటుంది. పెద్దవాళ్ళు బ్రాందీ తెచ్చారట.

"నేను పెట్టనియ్యలే తమ్మీ. నువ్వు జెప్పినట్టు గ్లాసుల జేసి పెట్టిన. నవ్విండ్రు. శానసేపు కాకి ముట్టలే. బిడ్డను సదివిస్తమన్నం, ముట్టలే. బ్రాందీ పెట్టలేదనే ముట్టుతలేదన్నరు. ఆఖరికి నేనే లేసి, అందరు ఇనంగ అన్న. నువ్వు తాగలే, నేను నమ్మిన అని."

"ముట్టిందా వదినా?"

"ముట్టింది. ముందు గా మామిడిపండు రసమే ముట్టింది."

అవతల ఆవిడ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"గా ఒక్క మాట ఆయనకు ఫోన్లనే చెప్పేదుండె తమ్మీ" అంది.