గుమ్మటం కింద ఒక్క ఘడియ

తెల్లారి లేవగానే, ఇంకా మొహమైనా కడుక్కోకుండా, మేస్త్రి కిటికీ చువ్వకి, గోడ తిన్నదనం చూసే తూకపు గుండు వేలాడదీసేవాడు. దారం ఊగడం ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి దాన్ని చూసేవాడు. నలభై ఏళ్ల తాపీపని నేర్పిన అలవాటు అది. దారం తిన్నగా కనిపిస్తే, "స్వామీ, ఇవాళ్టికి ఇది చాలు" అని దణ్ణం పెట్టుకుని పనిలోకి పోయేవాడు.

ఒకనాడు దారం నడుమ వంకరపోయింది. గుండు బరువుకి బిగిసిన దారం వంగదని ఆయనకంటే ఎవరికి తెలుసు? వంగింది కన్నే. "ఏడాది తిరక్కుండా నడిమి చూపు పోతుంది, అంచుల చూపే మిగులుతుంది. చూడాలనుకున్నవేవో చూసెయ్యండి" అన్నాడు కళ్ల డాక్టరు.

ఆయన చూడాలనుకున్నది ఒక్కటే. దేశంకాని దేశంలో, కింద ఒక్క కర్ర దన్ను లేకుండా, ఇటుకలు చుట్టూ తిప్పుకుంటూ పైకి పేర్చి మూసిన పెద్ద గుమ్మటం. పని నేర్పిన గురువు చనిపోయేదాకా దాని గురించే చెప్పేవాడు. తమ్ముడి కాలనీవాళ్లు పాత నగరాలు చూడ్డానికి వెళ్తున్నారనీ, ఆఖరి మజిలీ ఆ గుమ్మటమేననీ తెలిసింది. భార్యాభర్తలిద్దరూ పేర్లిచ్చారు. తీరా చూస్తే ఒక్క సీటే మిగిలింది. భార్య క్షణం ఆలోచించలేదు. "మీరెళ్లండి. చూసొచ్చి చెబితే నేను చూసినట్టే" అంది.

మొదటి ఊళ్లో కోట. సంచులతో లోపలికి రానివ్వం అన్నారు. "మా అన్నయ్య ఉంటాడులే" అన్నాడు తమ్ముడు, అడక్కుండానే. రెండో ఊళ్లో రాజభవనం, మూడో ఊళ్లో పాత వంతెన. అన్నిచోట్లా మేస్త్రి గుమ్మంలోనే. నాలుగో ఊరికల్లా ఆయన పేరే మారిపోయింది: సంచుల బాబాయి.

"బాబాయికి గోడలన్నీ వంకరగానే కనిపిస్తాయట కదా! ఇక తిన్నని గోడలు చూసి ఏం చేస్తాడు?" అన్నారెవరో. బస్సంతా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు. డ్రైవరొక్కడే, మాట అర్థంకాకపోయినా మొహం అర్థమై, ఎండ పడకుండా మేస్త్రి పక్కనున్న తెర లాగాడు.

గుమ్మటం రానే వచ్చింది. మర్నాడు పొద్దున్నే తిరుగు విమానం.

"అరగంటలో వచ్చేస్తాం అన్నయ్యా. తర్వాత నువ్వెళ్లి తనివితీరా చూసుకో."

పద్నాలుగు సంచుల మధ్య మెట్టుమీద కూర్చున్నాడు. అరగంట గంటైంది, గంట రెండైంది. అయిదింటికి తలుపులు మూస్తారని పలకమీద రాసుంది. కాపలా ఉన్న పెద్దావిడ తన కుర్చీ తెచ్చి ఆయనకి వేసింది. అయిదు కావస్తుండగా సంచుల్ని చూపించి, తన కళ్లు చూపించి, లోపలికి చెయ్యి ఊపింది. నేను చూస్తుంటాను, వెళ్లిరా అని. ఆ మాత్రానికి భాష ఎందుకు?

లేచాడు. రెండడుగులు వేశాడు. లోపలి చల్లగాలి మొహానికి తగిలింది. కాని పచ్చిగోడని ఎవరికి అప్పగిస్తే, అది ఆరేదాకా వాడే కాపలా ఉండాలని నేర్చిన మనిషి. సొంత పనికని ఏనాడూ మరొకరికి అప్పజెప్పి పోలేదు. ఆవిడకి చేతులు జోడించి వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, వేళకి తలుపు మూసింది.

వాళ్లు అయిదున్నరకి వచ్చారు, చేతుల్లో ఐస్‌క్రీములతో.

"అయ్యో, మూసేశారా! లోపల పది నిమిషాల పనేలే అన్నయ్యా. ఆ పక్క సందులో షాపుల్లో పడితే టైమే తెలీలేదు. అయినా ఇవి ఇక్కడ పడేసి వెళ్లకపోయావా? చెప్పులూ చార్జర్లూ తప్ప ఏమున్నాయని వీటిలో?"

"బాబాయి నిజాయితీకి మనమే ఓ గుమ్మటం కట్టిద్దాం!" అన్నారు వెనకనుంచి. మళ్లీ నవ్వులు.

బస్సులో మేస్త్రి వెళ్లి తమ్ముడి భార్య పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా ఆయన్ని మంచినీళ్లు కావాలా అని అడిగింది ఆ పిల్లొక్కతే.

"అమ్మాయ్, గుమ్మటం నడినెత్తిన ఇటుకలు ఎలా కలిశాయమ్మా? మెలి తిరిగాయా, గుండ్రంగానే పోయాయా?"

ఆమె తడబడింది. "నేను పైకి చూడలేదు బావగారూ. ఫొటోల హడావిడిలో..."

ఫోను ఇచ్చింది. మేస్త్రి దాన్ని కంటి కొసకి ఆనించుకుని ఒక్కొక్కటే చూశాడు. అన్నింటిలోనూ మొహాలే. ఒకదాంట్లో మాత్రం తమ్ముడి తలవెనక వేలెడంత ఇటుక వరస కనిపించింది. దానిమీద చూపు నిలపబోతే వరస కరిగి, మధ్యలో బూడిదరంగు మరక మిగిలింది.

ఫోను తిరిగిచ్చేశాడు.

"ఒక్క సాయం చేసిపెట్టమ్మా" అన్నాడు, ముందు సీటులోని తమ్ముడికి వినపడకుండా. "ఇంటికెళ్లాక మీ అక్క అడుగుతుంది. నేను లోపలికెళ్లానని చెప్పు. చాలాసేపు పైకే చూస్తూ నిలబడ్డానని చెప్పు. నేను చెబితే అబద్ధమని ఇట్టే పట్టేస్తుంది. నువ్వు చెప్పమ్మా."