పెదన వీధిలో ఎండిన పడుగు

ఆ ఉద్యోగం సంగతి నాకు మొదట తెచ్చినవారు రామదాసుగారు. బందరులో ఒక స్టీమరు ఏజెంటు ఆఫీసులో ఆయన హెడ్ క్లర్కు, మా నాన్నగారికి చిన్ననాటి స్నేహితులు. నలభై ఎనిమిదో సంవత్సరం పుష్యమాసంలో బెజవాడలోని మా ఇంటికి వచ్చారు. ఓడ మీద వచ్చే దొరసానులకు ఊళ్లు చూపించడానికి ఇంగ్లీషు వచ్చిన ఆడమనిషి కావాలని, మగ దుబాసీలను నేతవాళ్ల ఇళ్లలోకి రానివ్వడం లేదని నాన్నగారితో చెప్పారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. భర్త పోయి పుట్టింట్లో ఉన్నాను. బడికి వెళ్లి ఎరగను. ప్లీడరు గుమాస్తా అయిన నాన్నగారు రోజూ ఇంగ్లీషు పేపరు చదివించి నేర్పిన చదువే నాది. ఆ చదువు ఒక జీతానికి పనికొస్తుందని కనిపెట్టిన రామదాసుగారికి ఈనాటికీ రోజూ దీపం పెట్టేటప్పుడు మనసులో నమస్కరించుకుంటాను.

హోదా టెంపరరీ లేడీ ఇంటర్‌ప్రెటర్. మొదటి బృందం సంతృప్తి పడిందని ఓడ పర్సరు, అంటే ప్రయాణికుల మంచిచెడ్డలు చూసే అధికారి, రాసి ఇస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికి.

పని తెలియనివారికి కొంచెం చెప్పాలి. బందరులో ఓడ ఒడ్డుకు రాదు. సముద్రంలో మైళ్ల దూరాన లంగరు వేస్తుంది. ప్రయాణికులు పడవల్లో రావాలి. కాలువ సముద్రంలో కలిసే మొగలో ఇసుకమేట ఉంటుంది కనుక సముద్రం పోటు మీద ఉన్నప్పుడే పడవలు దాన్ని దాటుతాయి. దిగినవాళ్లను బస్సులో పెదన తీసుకెళ్లి నేత చూపించి, అక్కడి నుంచి రైల్లో బెజవాడ చేర్చి, దుర్గమ్మ కొండ, కృష్ణ ఒడ్డు చూపించి మర్నాడు వెనక్కి దింపాలి. ఆఫీసు కాగితాల్లో దీన్ని షోర్ ఎక్స్‌కర్షను అనేవారు. మేం ‘ఒడ్డు చూపు’ అనుకునేవాళ్లం. ఏ ఇంట్లో ఏం చూపించాలో ముందే మాట్లాడి పెట్టడం నా బాధ్యత.

పెదనలో నేను ఎంచుకున్నది నాంచారయ్య ఇల్లు. ఆయనకు నలభై ఏళ్లుంటాయి. ఒకటే మగ్గం. సన్న నూలు పంచెలు నేసేవాడు. తల్లి ఆదెమ్మ డెబ్భై దాటినది, కండెలకు నూలు చుట్టి పెట్టేది. మగ్గం గదిలో చీకటిగా ఉంటుంది, ఫొటోలు పడవు. అందుకని వీధిలో జరిగే పని ఒకటి చూపిద్దామనుకున్నాను. అది పడుగు సరిచేయడం. నేతకు నిలువుపోగులే పడుగు. దాన్ని వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, అటూ ఇటూ మనుషులు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతారు. పోగు పోగుకీ విడిపోయి, నున్నగా గట్టిపడుతుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. తెల్లవారుజామున చల్లదనంలోనే చేసే పని అది. ఏడు గంటలకల్లా మావాళ్లు వస్తారు, అప్పటిదాకా ఆపమని అడిగాను. ఏడంటే ఫరవాలేదన్నాడు నాంచారయ్య.

ఆ రోజుల్లో నూలు బజారులో దొరికేది కాదు. రేషను కార్డు మీద నేతవాళ్ల సంఘం ఇచ్చినదే. ఆ పడుగు నాంచారయ్యకు రెండు నెలల వాటా. అది నాకు తెలుసు.

ఫాల్గుణమాసంలో ఓడ వచ్చింది. రామదాసుగారు రేవు దగ్గర ఉండిపోయారు. నేను ముందుగా పెదన చేరాను. చీకటి విడేసరికి పడుగు వీధిలో సాగదీసి ఉంది. గంజి కుండ సిద్ధంగా ఉంది. సాయానికి పక్కింటి నేతవాళ్లు ముగ్గురు తమ మగ్గాలు ఆపుకుని వచ్చారు. ఏడైంది, బస్సు రాలేదు. కాసేపటికి ఆఫీసు బంట్రోతు సైకిలు మీద వచ్చి, పడవలు మేట మీద ఆగిపోయాయనీ, నీరు పెరగ్గానే వస్తాయనీ చెప్పాడు.

ఎనిమిదికి నాంచారయ్య దగ్గరకొచ్చి ఎండెక్కుతోందన్నాడు. ఇంకో అరగంట చూద్దామన్నాను. ఆదెమ్మ అరుగు మీద నుంచి నన్నే చూస్తోంది.

“దొరలొచ్చేదాకా ఆగమని సూర్యుడికి కూడా చెప్పొచ్చావా తల్లీ?” అంది.

పక్కింటివాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. తల్లిని ఊరుకోమని నాంచారయ్య కసిరాడు. నేను చిలకలపూడి పాండురంగడిని తలుచుకుంటూ, ప్రయాణికులు క్షేమంగా ఒడ్డు చేరితే చాలని మొక్కుకుంటూ కూర్చున్నాను. పడుగు గురించి మొక్కుకోలేదు.

తొమ్మిదిన్నరకి పడమటి గాలి మొదలైంది. ఇక లాభం లేదని, రేపు తెల్లవారుజామున పెట్టుకుంటానని నాంచారయ్య పడుగు చుట్టడం మొదలుపెట్టాడు. సగం చుట్టాడో లేదో బస్సు వీధి మొదట్లోకి వచ్చింది. పద్నాలుగు మంది దిగారు. బట్టలు మోకాళ్ల దాకా తడిసి, ముఖాలు చిరాకుగా ఉన్నాయి. పర్సరు గడియారం చూసుకుంటున్నాడు. చూపించడానికి నా దగ్గర మరేమీ లేదు.

“రెండు గజాలు పట్టించి చూపిస్తే చాలు, నాంచారయ్యా,” అన్నాను.

“గంజి తగిలాక మధ్యలో ఆగదండీ.”

“పాపం, ఇందుకోసమే ఇంత దూరం వచ్చారు.”

ఆయన నా ముఖం కేసి చూశాడు. చుట్టిన పడుగు మళ్లీ విప్పాడు.

గంజి పట్టించారు. కుంచె ఇటు వస్తుంటే అటు ఆరిపోతోంది. నలుగురూ పరుగెత్తినట్టు దువ్వారు. ప్రయాణికులకు అది ఇంకా బాగుంది. ఇటు నుంచి ఫొటోలు, అటు నుంచి ఫొటోలు తీసుకున్నారు. పావుగంటలో పోగులు పది, పదిహేను చొప్పున అతుక్కుపోయి పుల్లల్లా అయ్యాయి. విడదీయబోతే తెగుతున్నాయి. నాంచారయ్య కుంచె కింద పెట్టాడు. మిగతా ముగ్గురూ తలలు వంచుకుని పక్కకి తప్పుకున్నారు.

ఆదెమ్మ అరుగు దిగి వచ్చింది. తెగిన పోగులు అరచేతిలోకి తీసుకుని, అందరికంటే ముందు నిలబడ్డ దొరసాని ముందు చెయ్యి చాపింది.

“మా రెండు నెలల కూడు ఇది. మీకు చూపించబోతే పోయింది. చెప్పు తల్లీ ఆవిడకి,” అంది.

ముసలావిడ ఏమంటోందని దొరసాని నన్నడిగింది. పర్సరు నా పక్కనే ఉన్నాడు.

ఎండ ఎక్కువగా ఉంది, నీడలోకి రమ్మంటోందని చెప్పాను.

దొరసాని చాలా సంతోషించింది. ఆదెమ్మ చాపిన చేతిని రెండు చేతులతో పట్టుకుని నొక్కింది. నేను అసలు మాట చెప్పేశాననుకుంది ఆదెమ్మ. ఆవిడ ముఖం నెమ్మదించింది. కళ్లు తుడుచుకుని, దొరసానికి దణ్ణం పెట్టి అరుగు మీదకి వెళ్లిపోయింది.

పర్సరు మంచి మాటలు రాసి ఇచ్చాడు. నా ఉద్యోగం ఖాయమైంది.

జరిగినదంతా మర్నాడు రామదాసుగారికి చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. కంపెనీ డబ్బైతే ఇవ్వగలదేమో కానీ నూలు ఎక్కడి నుంచి తెస్తుందన్నారు. సంఘానికి తానే ఉత్తరం రాశారు. మళ్లీ నూలు ఇచ్చేది వచ్చే వంతులోనే అని జవాబు వచ్చింది. నేను పెదన వెళ్లి తప్పంతా నాదేనని నాంచారయ్యతో అన్నాను. పడవలు రాకపోతే తమరేం చేస్తారండీ అన్నాడు. నేనిచ్చిన డబ్బు ముట్టుకోలేదు. దొరసానితో అబద్ధం చెప్పిన సంగతి మాత్రం నేను బయటపెట్టలేదు. ఆ మంచి దొరసాని క్షేమంగా ఇల్లు చేరిందా అని ఆదెమ్మ అడిగింది. చేరిందన్నాను.

ఆ వేసవి పంట కాలువలకు నీళ్లు కట్టేశాక నాంచారయ్య పూడిక తీసే పనికి వెళ్లాడు. రెండు నెలలు పార పట్టాడు. నూలు వచ్చి మళ్లీ మగ్గం ఎక్కేసరికి అరచేతులు కాయలు కాసి బరకగా ఉన్నాయి. సన్న నూలు ఆ చేతులకి తగిలితే రేగిపోయేది. కాయలు తగ్గుతాయన్నారు. ఆపై ఏడూ, ఆ పై ఏడూ కూడా వేసవిలో పార తప్పలేదు, అవి తగ్గలేదు. సన్న పంచెలు మానేసి ముతక తువ్వాళ్లు నేశాడు. ఓడ వచ్చిన మరుసటి ఏడు ఆశ్వయుజంలో ఆదెమ్మ పోయింది. ఆవిడకి నిజం చెప్పే అవకాశం నాకు చాలాసార్లు దొరికింది. చెప్పలేదు.

ఆ తర్వాత నేను ఆ ఉద్యోగం పద్దెనిమిదేళ్లు చేశాను. భగవంతుడి దయవల్ల అన్నం పెట్టిన ఉద్యోగమే. రెండు నియమాలు పెట్టుకున్నాను, నా కింద చేరినవాళ్ల చేత కూడా పాటింపజేశాను. చూసేవాళ్ల కోసం ఎవరి పనినీ ఆపమని అడగకూడదు. మనం ఆలస్యమైతే, అయిపోయిన పనినో, మూసిన తలుపునో చూపించి తీసుకురావాలి. రెండోది, దుబాసీ మాటను మార్చకూడదు. అది వినేవాళ్లకి కష్టంగా ఉన్నా, మనకి నష్టమైనా సరే. ఈ నియమాల వల్ల ఫిర్యాదులు వచ్చాయి, ఒకసారి సంజాయిషీ కూడా రాసి ఇచ్చుకున్నాను.

ఆదెమ్మగారు చెప్పమన్న మాట ఆ దొరసానికి ఇక చేరదు. అందుకని మీకు చెబుతున్నాను. ఇది చదివినవారు పెదన నేతగాడు నాంచారయ్య తల్లి ఆదెమ్మగారిని ఒక్కసారి తలుచుకోవాలని నా మనవి.