చివరిదాకా చూడమన్న మేడమ్

సిరిసిల్ల సభలో దేవుని వాక్యం చెబుతుండగా ఫోన్ వచ్చింది. మా ఊరి బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే మేడమ్ జగిత్యాల దవాఖానలో చనిపోయారు. జ్వరమే అనుకున్నారట. మూడు రోజుల్లో అయిపోయింది. చేతిలో గ్రంథం తెరిచే ఉంది. ఏ పుట తిప్పినా నాకు తగిలే మాటే కనబడింది. సోదరులారా, నా తప్పు మీ ముందు ఒప్పుకోవాలి.

ఆమె రోజూ కోరుట్ల నుంచి రుద్రంగి బస్సులో వచ్చేవారు. రాగానే చున్నీ చెంగుతో ఎనిమిది ల్యాప్‌టాప్‌లూ తుడిచేవారు. కానీ వెంటనే తెరవనిచ్చేవారు కాదు. ముందు ఆరుబయట ఒక పిల్లను యంత్రంగా నిలబెట్టి, మిగతావాళ్ళతో ఆజ్ఞలు చెప్పించేవారు. "మూడడుగులు ముంగటికి, కుడికి తిరుగు" అంటే అంతే నడవాలి. ఒకసారి తిరగమనడం మరిచారు. ఆ పిల్ల నేరుగా పోయి బోరింగుకు గుద్దుకుంది. "దానిది తప్పు కాదు. చెప్పినోళ్ళు మరిచిన్రు" అన్నారు మేడమ్. ఆ తర్వాతే లోపల అవే ఆజ్ఞలను రంగుముక్కలుగా తెర మీద ఒకదాని కింద ఒకటి అతికించేవారు. బొమ్మలు కదిలేవి, మాట్లాడేవి. తప్పొచ్చి ఏడ్చే పిల్లతో, "యంత్రం నిన్ను తిడుతలేదు బిడ్డా, యాడ సూడాల్నో చెప్తున్నది" అనేవారు.

నిరుడు బడి కిటికీ పక్కనుంచి పోతుంటే లోపల నా గొంతే వినిపించింది. వెళ్ళి చూస్తే తెర మీద గాడిద నోరు తెరిచి, నేను మైకులో చెప్పిన మాటలే పలుకుతోంది. పిల్లలు నవ్వుతున్నారు. వాళ్ళలో నా బిడ్డ కూడా ఉంది.

"నన్ను గాడిదను చేసిన్రా? ఎవ్వలిది గీ పని?"

"నేనే పెట్టిచ్చిన అన్నా. జర కూసోని ఆఖరిదాక సూడుండ్రి."

"గాడిదను సూడనీకి కూసోవాల్నా నేను?"

"గాడిద మంచిదే అన్నా."

కూర్చోలేదు. ఆదివారం మైకు పట్టి, ఆ పెట్టెలు పిల్లలకు దైవదూషణ నేర్పుతున్నాయని ఉరిమాను. వారం తిరిగేసరికి ఆడపిల్లలంతా కంప్యూటర్ క్లాసు మానేశారు. మేడమ్ ఇంటింటికీ తిరిగారు. మా గడప దాకా కూడా వచ్చారు. "పొల్లను పంపుండ్రి అన్నా, మంచిగ చేస్తది." ఆమె ముఖం మీదే తలుపు వేశాను.

అంత్యక్రియలకు పోయి వస్తుంటే బస్సులో నా బిడ్డ నోరు విప్పింది.

"గా గాడిద బొమ్మ నేను చేసిన నాయినా. నువ్వు చెప్పిన కథనే. దేవదూత కత్తి పట్టుకొని తొవ్వల నిలవడితే యజమానికి కనవడది, గాడిదకే కనవడ్తది. కొట్టినా ముంగటికి పోదు. ఆయన్ని బతికిస్తది. నువ్వు కొడ్తవని మేడమ్ తన మీదేసుకున్నది."

ఇరవై ఏళ్ళుగా ఆ కథ చెప్పి జనాన్ని ఏడిపించాను. ఎదుటికొస్తే గుర్తుపట్టలేదు. గుడ్డివాళ్ళారా అని ఊరంతటినీ తిట్టిన నోరిది.

మరునాడు గడప గడపకూ పోయి, పిల్లలను పంపమని చేతులు జోడించాను. ఒక ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నిరుడు వద్దంటివి, గిప్పుడు పంపుమంటున్నవు. నీ దేవుడు మాట మార్చిండా?"

"దేవుడు మార్చలే అవ్వా. నేనే తప్పు చెప్పిన."

సోమవారం పదకొండు మంది ఆడపిల్లలు వచ్చారు. నా బిడ్డ ల్యాప్‌టాప్ తెరిచింది. ఈసారి చివరిదాకా చూద్దామని నేనూ చిన్న బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాను. తెర మీద మేడమ్ పేరు వచ్చింది. దాని కింద పాస్‌వర్డ్ అడిగే గడి.

"మేడమే కొట్టేది" అన్నారు పిల్లలు. పెద్దసారుకూ తెలియదు.

ఎవరూ లేవలేదు. ఆ ఖాళీ గడిలో సన్నని గీత ఒకటి వెలుగుతూ, ఆరుతూ ఉంది.