పసుపు పట్టీ అడిగే మాట

మేడమ్ గారు పోయారన్న కబురు సోమవారం ఉదయం నేను ఆఫీసు తాళం తీస్తుండగా వచ్చింది. ఆమె అల్లుడు ఫోన్ చేసి "నిద్దట్లోనే పోయినారండీ" అని మాత్రం అన్నాడు. తలుపు సగం తెరిచి గుమ్మంలోనే నిలబడిపోయాను.

సాలూరులో మాది లారీల ఆఫీసు. ఒరిస్సా వైపు నుంచి వచ్చే మా లారీలు కొండల మీది ఘాటు రోడ్డు దిగగానే డ్రైవర్లు లోపలి గదిలో లారీల రాకపోకలు రాసే మేడమ్‌కు ఫోన్ చేసేవారు. ఆమె తన ఎక్సెల్ ఫైలులో ఆ లారీకి ఎదురుగా "దిగింది" అని టైపు చేసి, ఆ మాటను ఒకసారి పైకి చదువుకునేవారు. ఆ ఫైలుతో లింకున్న నా ఫైలులోకి అది వచ్చేది. కౌంటరు దగ్గర ఎదురుచూసే ఇంటివాళ్ళకు నేను చెప్పేవాణ్ణి. పగలు పనిచేసి రాత్రి కళాశాలలో పట్టా పొందినవాణ్ణి నేను. ఎక్సెల్‌లో మాత్రం నాకు అక్షరాభ్యాసం చేయించినది ఆమే. ఆ మాట చెప్పుకోవడం నాకు గౌరవం.

బయటి ఫైలు నుంచి వచ్చే సమాచారాన్ని దానంతటదే రానివ్వాలా, అడిగి రానివ్వాలా, అసలు ఆపేయాలా అన్నది ట్రస్ట్ సెంటర్ అనే చోట మనమే నిర్ణయించవచ్చు. మేడమ్ నా కంప్యూటరులో "అడిగి" అన్నదే ఎంచుకున్నారు. అందుకే ఫైలు తెరిచినప్పుడల్లా తెర మీద పసుపు పట్టీ కనబడి, అనుమతి అడిగేది. దాని మీది బటను నొక్కితేనే ఆమె కొత్తగా రాసింది నా ఫైలులోకి వచ్చేది; లేకపోతే పాతదే ఉండేది. మా యజమానికి అది గిట్టేది కాదు.

"ఏటమ్మా, పొద్దున్నే ఈ పట్టీ? తీసీ."

"తలుపు కొట్టినోలందర్నీ లోపలికి రమ్మంటామేటి బావూ? ఎవులని అడగమా?"

"అందుకే నీ ఇంటికి సుట్టాలు రారు."

"వచ్చినోలు ఎవులో నాకు తెలుసు కదా," అనేవారు.

నాకు పెట్టిన నియమం ఒకటే. "పట్టీ కనబడితే ముందు నాకు ఫోన్ కొట్టు తమ్ముడూ. నానే రాసినానంటే నొక్కు."

ఒక వానాకాలం, ఘాటులో కొండచరియలు పడ్డాయని తెలిసి ఒక డ్రైవరు భార్య తడిసిన చీరతో పరుగున వచ్చింది. "బాబూ, మా ఆయన దిగినాడా?" ఫైలు తెరిచాను. పట్టీ వచ్చింది. ఆమె నా చేతినే చూస్తోంది. నేను లోపలికి ఫోన్ చేశాను.

"నొక్కకు తమ్ముడూ. కంప్యూటరు బాగుచేసినోడు పాత ఫైలు తెచ్చి దీని మీద ఎట్టేసినాడు. ఇప్పుడే సూస్తన్నాను."

ఆ పాత ఫైలులో అదే లారీకి ఎదురుగా, మొన్నటి ట్రిప్పుది, "దిగింది" అని ఉంది. నొక్కి ఉంటే ఆ మాటే చెప్పి ఆమెను ఇంటికి పంపేవాణ్ణి. అతనింకా పైనే చిక్కుకుని ఉన్నాడు. మధ్యాహ్నం దాటాక మేడమ్ తానే బయటికి వచ్చి ఆమె చేయి పట్టుకున్నారు.

"దిగీసినాడమ్మా. కింద టీ తాగతన్నాడట."

"నానిక్కడ సస్తంటే ఆడికి టీ కావలసొచ్చినాదా?" అంటూ ఆమె బెంచీ మీద కూలబడి ఏడ్చింది.

ఇప్పుడు మేడమ్ కుర్చీలోకి వచ్చినవారు ఆమె ఫైలు ఉన్నచోటే, ఆ ఫైలు పేరుతోనే, ఖాళీ ఫైలు మొదలుపెట్టారు. నా పాత ఫైలులో అనుమతి నొక్కితే ఆమె రాసినవన్నీ పోయి సున్నాలు మిగులుతాయి. పనికి వేరే ఫైలు చేసుకున్నాను. పాతదాన్ని అప్పుడప్పుడు తెరుస్తాను. పట్టీ వస్తుంది. చేయి అలవాటుగా ఫోన్ మీదికి వెళ్ళి ఆగిపోతుంది. పట్టీ అడుగుతూనే ఉంటుంది. దాని కింద, ఆఖరి లారీకి ఎదురుగా, "దిగింది" అని ఉంటుంది.